ముగ్గురు బాగుచేసిన ఒక్క గీత

బాపట్ల కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది, నవంబరు నెలలో, నేను బాపట్లలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. రేపల్లెలో పోస్టు ఖాళీగా ఉంది. అక్కడికి రావడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో దాని అదనపు బాధ్యత కూడా నా నెత్తినే పెట్టారు. కాపురమేమో తెనాలిలో. పొద్దున్నే రైలెక్కి బాపట్ల, వారంలో కొన్ని రోజులు ఇంకో రైలెక్కి రేపల్లె. ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నానో మా ఇంట్లోవాళ్లకే కాదు, ఒక్కోసారి నాకే తెలిసేది కాదు.

జనం నోట మాది బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం. ఆ మాట విని ఎవరో మీసాలాయన ఉంటాడనుకుని వచ్చినవాళ్లు నన్ను చూసి, "సార్ లేరామ్మా?" అనేవాళ్లు. "నేనే సారుని, కాగితాలు ఇలా ఇవ్వండి" అనేదాన్ని. పైన జిల్లా రవాణా అధికారి, కింద అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్లు, మధ్యలో మేము. లైసెన్సులకు పరీక్ష పెట్టడం, లారీలకూ బస్సులకూ ఫిట్‌నెస్ చూడడం అందరికీ తెలిసిన పనులే. అంతగా తెలియనిది ఇంకొకటుంది. రోడ్డు మీద ప్రమాదం జరిగి పోలీసులు రాతపూర్వకంగా కోరితే, ఆ బండిని మేం పరీక్షించి నివేదిక ఇవ్వాలి. బ్రేకులు పడుతున్నాయా, స్టీరింగు సరిగా ఉందా, ఎక్కడెక్కడ దెబ్బలున్నాయి, యాంత్రిక లోపం ఏమైనా ఉందా. అంతవరకే. ఎవరు అబద్ధం చెబుతున్నారో, ఎవరు నిజం చెబుతున్నారో మేం రాయకూడదు.

రాయకూడదు గనుక నాకెప్పుడూ పెద్ద ఇబ్బంది రాలేదు. ఆ నవంబరులో వచ్చింది.

కృష్ణా కరకట్ట మీద, కొల్లూరు దాటాక, సందెవేళ సాంబయ్య అనే పెద్దాయన సైకిలుతో సహా గట్టు కిందికి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. ఏటి నడుమ లంకలో కౌలుకు అరటి వేసుకునే రైతు. సైకిలు వెనక క్యారియరుకు రెండు పక్కలా రెండు గెలలు కట్టుకుని ఇంటికొస్తున్నాడట. వెనక నుంచి తెల్లకారు గుద్ది, ఆగకుండా పోయిందని ఆసుపత్రిలో మంచం మీద నుంచే వాంగ్మూలం ఇచ్చాడు. ఆ వేళకు వెనకద్దం మీద శిలువ బొమ్మ ఉన్న తెల్లకారు ఒకటి రేపల్లె వైపు పోవడం చూశామని గట్టు మీదివాళ్లు చెప్పారు. ఆ ఆనవాలు పట్టుకుని ఎస్సై వెతికితే రేపల్లెలో కారు దొరికింది. దొరకడమే కాదు, దాని ముందు ఎడమ మూలన, బంపరూ, చక్రం మీది రేకు ఫెండరూ కలిసేచోట, అరచేయంత మేర కొత్తగా రంగు పూసి ఉంది.

కారు ప్రభుదాసుది. ఆయన ప్రభుత్వ బస్సు డ్రైవరు. రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లుంది. సర్వీసంతటిలో ఒక్క ప్రమాదం లేదని డిపోలో శాలువా కప్పి పతకం కూడా ఇచ్చారు. అలాంటి మనిషి మీద గుద్ది పారిపోయిన కేసు పడితే ముందు లైసెన్సు పోతుంది, దాని వెనకే ఉద్యోగం పోతుంది. కోర్టులో తేలేదాకా ఆయన స్టీరింగు ముట్టుకోవడానికి ఉండదు. ఆ సంగతి ఎస్సైకీ తెలుసు, నాకూ తెలుసు. ఎస్సై కుర్రవాడే గానీ తొందరపాటు మనిషి కాదు. అరెస్టు చేసేముందు మీరొకసారి చూడండి మేడం, ఆ రంగు కింద ఏముందో చెప్పండి చాలు అన్నాడు. చాలు అన్నాడు గానీ, అదేమన్నా చిన్న పనా!

ముందు స్టేషన్లో ఉన్న సైకిలు చూశాను. కారు గుద్దిన సైకిలు మీద కారు రంగు అంటుకుంటుంది, కారు మీద సైకిలు రంగు అంటుకుంటుంది. మేం మొట్టమొదట వెతికేది అదే. భూతద్దం పెట్టి చూసినా తెల్లరంగు జాడ కనబడలేదు. వెనక చక్రం పుల్లలు కొన్ని వంగిపోయి ఉన్నాయి. వెనక నుంచి గుద్దితే ముందుగా మడ్‌గార్డు నొక్కుకుపోవాలి. అది మాత్రం నిక్షేపంగా ఉంది. క్యారియరుకు కట్టిన తాడు ఒక పక్క తెగి వేలాడుతోంది. చక్రం మధ్యలో ఏదో నల్లటి జిగురు, పీచు చుట్టుకుని ఉన్నాయి. గట్టు కింద పడ్డ సైకిలు కదా, బురదా గడ్డీ పట్టుంటాయనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను గానీ, ఏ దెబ్బకు ఏది వంగిందో నాకు అర్థం కాలేదు.

అక్కణ్ణించి జీపులో రేపల్లె వెళ్లాం. కారు ఇంకా వాళ్ల ఇంటి ముందు రేకుల షెడ్డులోనే ఉంది. ఉన్నచోట ఉన్నట్టు నన్ను చూడనివ్వాలని ఎస్సై దాన్ని కదిలించలేదు. ప్రభుదాసు లుంగీ మార్చుకుని డ్యూటీకి వెళ్లేవాడిలా ప్యాంటూ చొక్కా వేసుకుని వచ్చి నిలబడ్డాడు. భార్య సుగుణ గుమ్మం దగ్గర, తల్లి దీనమ్మ గారు అరుగు మీద. దీనమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి, "బ్రేకుల ఇన్‌స్పెక్టరంటే ఈ అమ్మాయేనంట్రా?" అని కొడుకును అడిగింది. అరవైకి దగ్గరపడ్డ నన్ను అమ్మాయన్నందుకు ఆవిడ మీద నాకు వెంటనే అభిమానం కలిగింది.

ఈ రంగు ఎవరు వేశారని ప్రభుదాసును అడిగాను. నేనే వేశానండి అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. చర్చిలో కోతపండుగ వస్తోందని, పంటల్లో మొదటిది తెచ్చి కానుక పెట్టి వేలం వేయడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ అని, తనకు పొలం లేదు గనుక ఆ సాయంత్రం లంకకు వెళ్లి మంచి గెల ఒకటి కొనుక్కొచ్చానని చెప్పాడు. తిరిగి వస్తుంటే కరకట్ట మీద ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. పక్కకు తీసి దారి ఇచ్చాడు. తర్వాత వారపు సెలవు రోజున కారు కడుగుతూ చూస్తే ఎడమ మూలన గీతలు, వాటి మీద తెల్లగా సున్నం మరకలు ఉన్నాయి. గట్టు పొడుగునా సున్నం వేసిన హద్దురాళ్లు ఉంటాయి కదా, దారి ఇస్తున్నప్పుడు వాటిలో దేనికో రాసుకుపోయిందని అనుకున్నాడు.

"మరి రిపేరు షెడ్డుకు తీసుకెళ్లొచ్చు కదండీ, పెయింటర్లు లేరా ఊళ్లో?" అన్నాను.

"ఊళ్లో పెయింటర్లందరికీ నేను తెలుసండి మేడం. సాయంత్రానికల్లా డిపోలో తెలిసిపోద్ది. ప్రభుదాసు సొంత కారు గీకేసుకున్నాడంట అని పడీపడీ నవ్వుతారండి. అందుకని దుప్పటి అడ్డం కట్టి ఇంట్లోనే చేసుకున్నాను."

దుప్పటి అడ్డం కట్టాడన్న మాట ఎస్సై చెవిన పడగానే ఆయన మొహం మారిపోయింది. సాక్ష్యం చెరిపేవాడే దుప్పటి కడతాడని ఆయన లెక్క. పరువు పోతుందనుకున్నవాడు కూడా కడతాడని నాకనిపించింది. అనిపించినదాన్ని నివేదికలో రాసే వీల్లేదు.

ఇక్కడ కారు రంగు గురించి రెండు ముక్కలు చెప్పాలి. బండి రేకు మీద రంగు ఒక్క పూత కాదు. అడుగున ప్రైమరు, దానిపైన అసలు రంగు, దానిపైన క్లియర్ కోటు అనే పారదర్శకమైన పొర. ఇంట్లో ఎవరికైనా గీత కనబడితే ముందు నీళ్లు చల్లి చూడాలి. తడిసినప్పుడు గీత మాయమైతే అది పై పొరలోనే ఉంది. రబ్బింగ్ కాంపౌండు అనే ముద్దతో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దితే సరిపోతుంది. తడిసినా కనబడుతూ, వేలిగోరు అడ్డంగా లాగినప్పుడు గోరు తట్టుకుంటే గీత లోతుగా దిగినట్టు. అప్పుడు వాటర్ పేపరు అనే సన్నటి గరుకు కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్ది, టచప్ రంగు పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పూసి, చివర మెరుగు పెట్టాలి. తొందరపడితే చుట్టూ ఉన్న మంచి రంగు కూడా పోతుంది. ప్రభుదాసు తొందరపడలేదు. పని శుభ్రంగా చేశాడు. అంత శుభ్రంగా చేయకుండా ఉంటే నా పని తేలికయ్యేది.

ఫ్యాక్టరీలో వేడిచేసి ఆరబెట్టిన రంగు, రంగులు పల్చన చేసే థిన్నరుకు లొంగదు. ఇంట్లో పూసిన టచప్ రంగు లొంగుతుంది. బనియను గుడ్డను థిన్నరులో ముంచి మెల్లగా తుడిచాను. టచప్ తెలుపు కరిగి గుడ్డకు అంటింది. కింద ఇంకో తెలుపు బయటపడింది. దీనికి ముత్యంలాంటి మెరుపుంది. అదీ కరిగింది. సున్నం థిన్నరులో కరగదు! సున్నమూ కాక, కారు రంగూ కాక, మరి ఇదేంటి? గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాను. థిన్నరు వాసన తప్ప ఏమీ తెలియలేదు. అదీ పోయాక అడుగున కనబడ్డ గీతలు చూసి నాకు మతిపోయింది. రాయికి రాసుకుంటే గీతలు ముందు నుంచి వెనక్కి వరసగా సాగాలి. సైకిలుకు తగిలినా అంతే. ఇవి గుండ్రంగా, సున్నాలు చుట్టినట్టు, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. గుండ్రంగా తిరుగుతూ గుద్దే కారును నేను సర్వీసులో చూడలేదు.

"మీరు దేంతో రుద్దారండీ దీన్ని?" అని ప్రభుదాసును కసిరాను.

"వాటర్ పేపరేనండి. నిలువుగానే రుద్దానండి. గుండ్రంగా రుద్దకూడదని ఫోన్లో వీడియోలో చెప్పారండి."

నిలువు గీతలూ కనబడుతున్నాయి, సన్నగా, ఆయన చెప్పినట్టే. గుండ్రటివి వాటికంటే ముందువి. నేను మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు వాలుగా పట్టుకుని చూస్తున్నాను, ఏమీ తోచడం లేదు. ఎస్సై నా భుజం మీద నుంచి తొంగిచూస్తూ, ఏంటి మేడం, ఏంటి మేడం అని ఒకటే గొడవ. ఒళ్లు మండి, కాస్త వెలుతురుకు అడ్డం తప్పుకోండి బాబూ అన్నాను.

నేనేదీ తేల్చకపోవడంతో ప్రభుదాసుకు భయం పట్టుకుంది. అది సున్నం కాదా మేడం అని అడిగాడు. కాదన్నాను. "అయితే రాయి కాదన్నమాట" అని ఎస్సై వైపు తిరిగి అన్నాడు: "రాసుకోండి సార్. నేనే గుద్దుంటాను. ఇంత దెబ్బ పడింది, నాకు తెలియనే లేదు. రాయి తగిలినా తెలియనివాణ్ణి, మనిషి తగిలితే మాత్రం ఏం తెలుస్తది? ఇన్నేళ్లు బస్సు నడిపి, మనిషిని పడేసి వచ్చి, గెల దించుకుని అన్నం తిన్నానండి నేను."

చేయని తప్పును ఒప్పుకుంటున్నాడని అనడానికి నా దగ్గర ఆధారం లేదు. చేశాడనడానికీ లేదు. ఎస్సై అప్పటికే కాగితం తీశాడు.

అప్పుడు గుమ్మంలోంచి సుగుణ పరుగున వచ్చింది. "ఆయన కాదండీ, నేను గీశాను!" అంది. ఆమెకు అప్పటికి నేర్చుకునేవాళ్ల లైసెన్సు, ఎల్లెల్లార్ అంటారే, అదే ఉంది. పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా కారు తీయకూడదు. భర్త డ్యూటీలో ఉన్నప్పుడు తీసింది. షెడ్డులోంచి వెనక్కి తెచ్చి మళ్లీ లోపల పెట్టడం అలవాటు చేసుకుంటోందట. కోతపండుగ ముందు రోజు అలా పెట్టాక చూస్తే మూలన రంగు గరుగ్గా అయిపోయి ఉంది. గేటు పక్కనున్న ఇటుకలకు తగిలించేశాననుకుంది. చెబితే ఆయన బాధపడతాడని తెల్లటి గోళ్లరంగు తెచ్చి పూసేసింది.

ప్రభుదాసు నోరెళ్లబెట్టాడు. ముత్యపు తెలుపు సంగతి నాకు తెలిసింది గానీ, చిక్కు వీడలేదు. ఇటుకలకు తగిలినా గీతలు గుండ్రంగా పడవు. పైగా ఇప్పుడు ఒకే గీతకు ఇద్దరు ముద్దాయిలు. ఎస్సై తల పట్టుకున్నాడు. "అక్కా, భర్తను తప్పించడానికి చెబుతున్నారా, నిజంగానే చెబుతున్నారా?" అన్నాడు. ఆమె ఏడుపు మొదలుపెట్టింది. లోపలికి వెళ్లి గోళ్లరంగు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

దీనమ్మ గారు అప్పటిదాకా అరుగు మీదే కూర్చుని ఉంది. కర్ర పట్టుకుని లేచి వచ్చి కోడలి భుజం మీద చెయ్యేసి, "ఊరుకోవే. నువ్వూ కాదు, వాడూ కాదు. దాన్ని తోమింది నేను" అంది.

తోమడమేంటి మామ్మగారూ అన్నాను.

"తోమడమంటే తోమడమే తల్లీ. గెల తెచ్చిన తెల్లారి చూస్తే ఆ మూలన ఎర్రగా ధార కట్టి ఉంది. ఎవడో సచ్చినోడు కిళ్లీ ఉమ్మాడనుకున్నా. మావాడు ఆ కారు మీద ఈగను కూడా వాలనివ్వడు, చూస్తే అల్లాడిపోతాడని, చింతపండూ సామాన్ల పొడీ వేసి కొబ్బరిపీచుతో తోమా. ఇత్తడి బిందె అయితే ఆ తోముడుకి బంగారంలా మెరిసేది. ఇదేమో మసకబారిపోయింది. భయమేసి నోరు మూసుకుని ఊరుకున్నా."

గుండ్రటి గీతలకు లెక్క కుదిరింది. బిందెను ఎవరైనా గుండ్రంగానే తోముతారు. ఆవిడ తోమింది చూసి కోడలు తానే గీశాననుకుంది. కోడలు పూసింది చూసి కొడుకు రాయికి గీకానేమో అనుకున్నాడు. ఒక ఇంట్లో ఉండి, ఒక కంచం దగ్గర కూర్చుని తింటూ, ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే మూలను బాగుచేసుకున్నారు! ఎస్సై పగలబడి నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. దీనమ్మ గారు మాత్రం నవ్వలేదు. మా అబ్బాయిని వదిలేస్తారా అని అడిగింది.

ఆ ప్రశ్నతో మా నవ్వు ఆగిపోయింది. ఆవిడ తోమకముందు అక్కడ ఉన్నదేంటి? ఎర్రటి ధార. బంపరుకూ ఫెండరుకూ మధ్య సన్నటి సందు ఉంటుంది, పీచు దూరదు, వాటర్ పేపరూ దూరదు. అందులోకి లైటు కొట్టి చూశాను. ముదురు గోధుమరంగులో ఎండి అట్టకట్టినది కనబడింది. ఎస్సై కూడా చూశాడు. "రక్తం మేడం" అన్నాడు నెమ్మదిగా. సాంబయ్య కాలికి పెద్ద గాయమైందని, చాలా రక్తం పోయిందని అన్నాడు. సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రభుదాసు షెడ్డు గుంజను పట్టుకుని నిలబడ్డాడు.

నాకూ ఒక్క క్షణం రక్తమనే అనిపించింది. దాచడమెందుకు, భయపడ్డాను. సూదిమొనతో కాస్త గీకి తెల్లకాగితం మీద వేశాను. రక్తమా కాదా అని తేల్చేది ప్రయోగశాల, నేను కాదు. ఎస్సై సంతకంతో సీలు చేయించాను. సందులో మిగిలినదాని మీద తడి దూదితో అద్దాను. ఎండిన రక్తం చన్నీళ్లకు ఎంతోకొంత వదులుతుంది. ఇది పిసరు కూడా వదల్లేదు. ఆ రంగును అలాగే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో చూసిన రంగే. బయట ఎక్కడో కాదు, మా ఇంట్లో, నా చీర కొంగు మీద. అరటికాయ తరిగే ప్రతి ఆడమనిషికీ తెలిసిన మరక అది. కారేటప్పుడు నీళ్లలా ఉంటుంది, మర్నాటికి ఎర్రటి గోధుమరంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత బట్ట చిరగాలి గానీ మరక పోదు.

"ప్రభుదాసు గారూ, గెల కొన్నాక ఎక్కడ పెట్టారు?" అని అడిగాను. డిక్కీలో పెట్టానన్నాడు. అంతకుముందు? డిక్కీలో స్టెప్నీ, పాత సంచులు సర్ది చోటు చేయాల్సి వచ్చిందని, అందాకా గెలను కారుకు ఆనించానని అన్నాడు. ఎక్కడ ఆనించారంటే, ముందు ఎడమ చక్రం దగ్గర అని చేత్తో చూపించాడు. అప్పుడే కోసిన గెల కాడ సరిగ్గా ఆ మూలకు వస్తుంది.

దీనమ్మ గారు నెత్తి కొట్టుకుంది. "అరటి మరకా! పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్నే. బట్ట మీదైతే పోల్చుకుందును. కారు మీద ఎవరనుకుంటారు!"

ఎస్సై అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే న్యాయం. మరకకు కారణం గెల అయినంత మాత్రాన కారు సైకిలును గుద్దలేదని కాదు కదా. అందుకని బంపరు విప్పించాను. కారు బంపరు ప్లాస్టిక్కుది. దెబ్బ తగిలితే బయటికి మళ్లీ మామూలుగా కనబడవచ్చు గానీ, లోపల దాన్ని పట్టుకునే క్లిప్పులు విరుగుతాయి, లేదా జరుగుతాయి. వెనకనున్న ఇనప పట్టీ వంగుతుంది. ఒక్క క్లిప్పు కూడా కదల్లేదు. పట్టీ మీద ఎన్నాళ్లదో దుమ్ము పొరగా పట్టి, ఎక్కడా చెదరకుండా ఉంది. లైటు బిగించిన చెవులు బాగున్నాయి. గుడ్డ చుట్టిన అయస్కాంతం ఫెండరు రేకు మీద అంతటా ఒకేలా పట్టుకుంది. అంటే సొట్ట తీసి లప్పం నింపలేదు, నింపినచోట అయస్కాంతం సరిగా పట్టదు. మనిషినీ సైకిలునూ గట్టు కిందికి పడేసిన దెబ్బ ఆ మూలన పడలేదు. మిగతా కారంతా చుట్టూ చూశాను, ఎక్కడా లేదు.

అయితే సాంబయ్యను గుద్దిందెవరు? తిరిగి స్టేషన్‌కు వెళ్లి సైకిలును మళ్లీ పడుకోబెట్టుకుని చూశాను. చక్రం మధ్యలో నేను బురద అనుకున్న నల్లటి జిగురు కూడా అరటిదే. చుట్టుకున్న పీచు గెల కాడది. తాడు తెగి, గెల జారి, కాడ చక్రంలో దూరితే పుల్లలు వంగుతాయి, మడ్‌గార్డు వంగదు. పరుగెత్తే చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటే మీద ఉన్న మనిషికి వెనక నుంచి ఎవరో గుద్దినట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఒక తెల్లకారు పోయింది. ఇలా జరిగి ఉండవచ్చని ఎస్సైకి నోటితో చెప్పాను. నివేదికలో మాత్రం చక్రంలో ఏముందో, ఏమి వంగిందో, ఏమి వంగలేదో అంతే రాశాను. ఎస్సై గట్టు మీదివాళ్లను మళ్లీ పిలిచి అడిగాడు. సాంబయ్యను లేవనెత్తినప్పుడు గెల ఒకటి చక్రంలో ఇరుక్కుని ఉందని, లాగి గట్టు కింద పడేశామని చెప్పారు. ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదంటే, గెల గురించి మమ్మల్నెవరూ అడగలేదు కదండీ అన్నారు.

సందులో తీసిన పొడి రక్తం కాదని ప్రయోగశాల నుంచి చాలా ఆలస్యంగా జవాబు వచ్చింది. ఈలోపే కేసు మూసేశారు. ప్రభుదాసు లైసెన్సు జోలికి ఎవరూ పోలేదు. ఎల్లెల్లార్‌తో ఒంటరిగా కారు తీసినందుకు సుగుణను నేను గట్టిగానే మందలించాను, కేసు రాయలేదు. ఇంటి షెడ్డులో ముందుకూ వెనక్కూ తీయడం రోడ్డు మీద నడపడం కిందికి రాదని నా అభిప్రాయం.

కానీ అందరికీ మంచే జరిగిందని చెప్పలేను. ఏ బండీ గుద్దలేదని తేలాక సాంబయ్యకు నష్టపరిహారం అడగడానికి ఎవరూ లేకుండా పోయారు. ఆయన కూతురు బాపట్ల ఆఫీసుకు వచ్చి, "మా నాన్న అబద్ధం ఆడాడంటున్నారు ఊళ్లో. మీరు అలాగే రాశారా మేడం?" అని అడిగింది. లేదమ్మా, ఆయనకు తగిలింది తగిలినట్టే చెప్పాడు, నేను బండి గురించి మాత్రమే రాశానన్నాను. ఆమెకు ఆ తేడా ఎందుకూ పనికిరాలేదు. దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాకు ఏ పనీ తోచలేదు.

కొన్నాళ్లకు ప్రభుదాసు రేపల్లె ఆఫీసుకు వచ్చాడు. కృతజ్ఞత చెప్పడానికనుకున్నాను. కాదు. బస్సు ఎక్కుతున్నానండి గానీ, సైకిలు కనబడితే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోందని, వెనక కూర్చున్నవాళ్లు తిడుతున్నారని చెప్పాడు. "నేను గుద్దలేదని మీకు తెలుసండి మేడం. ఎస్సై సారుకీ తెలుసు. నాకే తెలియడం లేదండి. ఆ గీతలు నా చేత్తో నేనే చెరిపేశాను కదా, ఇంకేం చూసుకుని నమ్మను?"

కారు తెప్పించి, నా ఎదుటే బంపరు విప్పమన్నాను. మొదటిసారి నేను చూస్తున్నప్పుడు ఆయన చూడలేదు, గుంజను పట్టుకుని నిలబడి ఉన్నాడు. క్లిప్పులు ఒక్కొక్కటీ ముట్టుకుని చూశాడు. పట్టీ మీది దుమ్ము మీద వేలు పెట్టి, వేలిని చాలాసేపు చూసుకున్నాడు. బంపరు మళ్లీ బిగించుకున్నాడు. తర్వాత బస్సు మామూలుగానే నడుపుతున్నాడని విన్నాను. పూర్తిగా నమ్మాడో లేదో నాకు తెలియదు.

రిటైరయ్యాక నన్ను చాలామంది అడుగుతుంటారు, కారు మీద గీత పడింది, ఇంట్లోనే పోగొట్టుకోవచ్చా అని. పోగొట్టుకోవచ్చు. నీళ్లు చల్లి చూడండి, గోరు లాగి చూడండి, నీడలో చేయండి, గుండ్రంగా రుద్దకండి. కానీ వాటన్నిటికంటే ముందు ఫోనుతో ఒక ఫొటో తీసి, ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించి, ఇదేంటి అని అడగండి. గీతను పోగొట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. పోగొట్టాక అదేమిటో తెలుసుకోవడం మాత్రం మా శాఖవల్ల కూడా కాదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగి ఉంటే, ఒక మంచి డ్రైవరుకు తన మీద తనకే అనుమానం వచ్చేది కాదు. కారు మీద పోని అరటి మరక ఒకటి మిగిలేది, అంతే.